పెద్దరోజుకి ఒకరోజు ముందే తీసుకురండి

(పర్యాటకులకు దారి చూపే యువ గైడ్లు, హోమ్‌స్టేలు నడిపేవాళ్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ఏడాది పొడవునా మన రెండు రాష్ట్రాల్లో జరిగే పండగలు, జాతరలు, వాటికి వచ్చే సందర్శకులు. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక జాబితా చదువుతానని కొందరు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. జాబితా మీ ఫోన్లలోనే దొరుకుతుంది, దాని కోసం ఇంత దూరం రానక్కర్లేదు. నేను చెప్పదలచింది ఒక్కటే మాట. మనం పెద్దరోజు అని పిలిచే రోజున బయటినుంచి వచ్చినవాళ్లకు పండగ కనపడదు. జనం కనపడతారు, వీపులు కనపడతాయి, బారికేడ్లు కనపడతాయి. పండగ అంతకు ముందురోజు ఉంటుంది, మర్నాడు ఉంటుంది, ఒక్కోసారి నెల ముందే ఉంటుంది. సరిగ్గా ముహూర్తానికి వచ్చి, భోంచేసి వెళ్లిపోయిన అతిథికి పెళ్లి గురించి ఏం తెలుస్తుంది? పసుపు దంచిన రోజు వచ్చినవాళ్లకు ఇంటి మనుషులందరూ తెలుస్తారు. మీ దగ్గరికి వచ్చే సందర్శకుల్ని ఆ పసుపు దంచే రోజుకి తీసుకురావాలి. దానికి మీకు ఆ రోజులు తెలిసి ఉండాలి.

మేడారంతో మొదలుపెడతాను. అందరికీ తెలిసిన జాతర అది. ములుగు జిల్లా అడవిలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు జరుగుతుంది. 2022, 2024, 2026, ఇలా సరి సంవత్సరాల్లో వస్తుంది. నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. కుంకుమ భరిణె రూపంలో ఆ తల్లిని కోయ పూజారులు గుట్ట దింపుకుని తెస్తుంటే పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. శుక్రవారం మొక్కులు. శనివారం వనప్రవేశం. కోటి మందికి పైగా వస్తారని అధికారులు లెక్క చెబుతారు. శుక్రవారం గద్దెల దగ్గర మీ అతిథి నిలబడితే, ఎత్తు బంగారం అని పిలిచే బెల్లం గాల్లో వచ్చి పడుతుంటే, వెనకనుంచి తోపులాటలో అతను ఏం చూస్తాడు? ఎలా బయటపడాలా అని చూస్తాడు.

అదే జాతరకి రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె పండగ ఉంది. ఆ తర్వాతి బుధవారం మండమెలిగె. పూజారులు గుళ్లు శుద్ధి చేసుకుంటారు, ఊరి పొలిమేరల్లో తోరణాలు కడతారు, రాత్రంతా జాగారం ఉంటుంది. ఆ రోజుల్లో మేడారం ఒక ఊరిలా ఉంటుంది. కోయ పెద్దలు కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. కాకతీయుల సైన్యంతో సమ్మక్క ఎందుకు పోరాడింది, పన్ను కట్టలేమన్న కరువు సంగతేంటి, సంపెంగ వాగు జంపన్న వాగు ఎలా అయింది, ఇవన్నీ ఆ వాగు ఒడ్డున కూర్చుని వినొచ్చు. జాతర అయ్యాక వచ్చే బుధవారం తిరుగువారం పండగ కూడా ఉంది. చాలామంది గైడ్లకు ఈ మూడు బుధవారాల పేర్లే తెలియవు. మీరు నేర్చుకోండి. విగ్రహం లేదు, గోపురం లేదు, గద్దెలే ఉన్నాయి, అయినా ఇంతమంది ఎందుకు వస్తారన్నది సందర్శకుడికి ఆ వారాల్లో అర్థమవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. గుడిమెలిగె, మండమెలిగె మనకోసం పెట్టిన కార్యక్రమాలు కావు. లోపల జరిగే పూజలో కొంత భాగం కోయలు ఎవరికీ చూపించరు. చూపించమని అడగొద్దు. బయట కూర్చోమంటే బయట కూర్చోండి. ఆ గౌరవం పాటించే గైడ్‌ని మళ్లీ ఏడు వాళ్లే గుర్తుపట్టి పలకరిస్తారు.

ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఈ జాతర గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. మెస్రం వంశానికి చెందిన గోండులు ఆ పూజకి చాలా రోజుల ముందే బయల్దేరతారు. జన్నారం దగ్గర హస్తినమడుగులో గోదావరి నీళ్లు తెచ్చుకోవడానికి నడిచి వెళ్తారు, చెప్పులు లేకుండా. పూజకి కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. నీళ్లు తీసుకుని తిరిగొచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకి పూజ. తర్వాత భేటింగ్ ఉంటుంది, అంటే మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. తెల్లచీరలు కట్టుకుని ముసుగేసుకుని వరసగా నడిచే ఆ కోడళ్ల ఫొటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ఆ ఫొటో వెనక ఉన్న నడక ఎవరికీ తెలియదు. దారిలో ఒక ఊళ్లో ఆగినప్పుడు దూరంగా నిలబడి చూడండి, అడిగి కాసేపు వెంట నడవండి. అమావాస్య రోజు కార్లో వచ్చి దిగినవాళ్ల కంటే మీ అతిథికి వందరెట్లు ఎక్కువ తెలుస్తుంది.

జాతరలో దర్బార్ కూడా జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక గోండుల పరిస్థితి అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. జాతరకి గోండులంతా ఎలాగూ వస్తారు కాబట్టి అక్కడే అధికారులు కూర్చుని వాళ్ల బాధలు వినాలని ఆయన మొదలుపెట్టించిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. పండగ చూడడానికి వచ్చినవాళ్లు దర్బార్ టైముకి సామాను సర్దుకుని వెళ్లిపోతుంటారు. ఉండమనండి. భూమి గురించి, చదువు గురించి, రోడ్ల గురించి ఆ మైకులో జనం ఏం అడుగుతున్నారో వినకుండా అడవి బిడ్డల పండగ చూశామని చెప్పుకోవడం నాకు సరిగ్గా అనిపించదు.

తేదీల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీకు బుకింగుల టెన్షన్ ఉంటుంది కాబట్టి. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది, అందుకే జనవరి 14, 15 దాటదు. ఉగాది, రామనవమి, బోనాలు, చవితి, బతుకమ్మ, దసరా, ఇవన్నీ చంద్రుణ్ణి బట్టి. ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వస్తాయి, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ ముందుకు దూకుతాయి. 2022లో వినాయక చవితి ఆగస్టు 31న వచ్చింది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి సెప్టెంబరు 18కి వెళ్లింది. నిరుటి తేదీ చూసి హోటల్ బుక్ చేస్తే పండగ తప్పిపోతుంది. మొహర్రం లెక్క వేరు. అందులో అధికమాసం సర్దుబాటు లేదు, అందుకని నెల్లూరు రొట్టెల పండగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కే జరుగుతూ అన్ని రుతువుల్లోనూ తిరుగుతుంది. ఎండాకాలంలో పడిన ఏడు నీళ్లు, నీడ ఏర్పాటు చూసుకోవాలి, వానల్లో పడితే మరోలా. ఇంకొకటి, మనవాళ్లు తిథితో పాటు వారం కూడా చూస్తారు. విజయనగరం సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. బోనాలు ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు. అందుకే తేదీ అడిగితే వెంటనే చెప్పకండి. పంచాంగం చూసి, దేవస్థానానికో ఊరి పెద్దకో ఫోన్ చేసి కనుక్కుని చెప్పండి.

సంక్రాంతికి రండి అని కోనసీమకి పిలుస్తాం. పడవ, కొబ్బరి తోట, కోడిపందేలు, ఇంతే చూపించి పంపిస్తున్నారు. పందేల సంగతి నేను మాట్లాడను. అవి చట్టప్రకారం నిషేధం, గైడ్ అన్నవాళ్లు వాటికి తీసుకెళ్లకూడదు, అంతే. కనుమ రోజు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభల మీద అక్కడికి వచ్చి కలుస్తారు. తోటలో గుడి లేదు. కొబ్బరిచెట్ల నీడే గుడి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కుర్రాళ్లు భుజాల మీద మోసుకుంటూ పచ్చటి వరిచేల మీదుగా నడిచి, కౌశిక కాలువలోకి దిగి అవతలికి ఎక్కిస్తారు. చేను తొక్కేస్తున్నారని ఏ రైతూ కోప్పడడు. దేవుడు తన చేలోంచి వెళ్లాడని సంతోషిస్తాడు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. అప్పటినుంచి కాలువ గట్టు మీద కెమెరాలు బాగా పెరిగాయి. మీరు మాత్రం మీ అతిథుల్ని భోగి నాడో, అంతకు ముందో ఆ ఊళ్లకి తీసుకెళ్లండి. వెదురు బద్దలు వంచి, తాటి దూలాలకు కట్టి, రంగురంగుల గుడ్డలు, నెమలి ఈకలు చుట్టి ప్రభని తయారుచేస్తుంటారు. ఎవరి ఇంటి వంతు ఏ పని అన్నది తాతల నాటినుంచి వస్తోంది. ఒక ముడి ఎలా వేయాలో కుర్రాడికి పెద్దాయన చూపిస్తుంటాడు. కనుమ నాడు కాలువలో ఆ ప్రభ ఒరిగినప్పుడు మీ అతిథి గుండె కూడా జారుతుంది, ఎందుకంటే ఆ ముడి వేస్తుండగా అతను చూశాడు.

భద్రాచలం కల్యాణానికి చాలామంది చైత్ర శుద్ధ నవమి నాడే టికెట్ కొనుక్కుని వస్తారు. మిథిలా మండపంలో ఎండలో కూర్చుంటారు. అది చూడదగ్గదే, కాదనను. తానీషా కాలం నుంచి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు తీసుకొచ్చే సంప్రదాయం ఇప్పటి ముఖ్యమంత్రుల దాకా వచ్చింది. కానీ ఆ తలంబ్రాలు కలపడం ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? ఫాల్గుణ పౌర్ణమి, అంటే హోలీ రోజు. కల్యాణానికి మూడు వారాల పైనే. గుడిలో ఆడవాళ్లు కూర్చుని రోట్లో పసుపు దంచుతారు, బియ్యంలో గులాల్ కలుపుతారు. ఇక కోరుకొండ వైపు భక్తులు ఆ కల్యాణం కోసమే వరి పండించి, ఆ వడ్లను రోకటితో కాకుండా గోటితో ఒలిచి గోటి తలంబ్రాలని పంపుతారు. ఒక్కో గింజ. నెలల తరబడి. ఆ ఇళ్లలో ఒక సాయంత్రం కూర్చుని నాలుగు గింజలు ఒలిస్తే, కల్యాణ మండపంలో సీటు దొరక్కపోయినా బాధ ఉండదు. పెద్దవాళ్లు, ఎండకి ఓర్చుకోలేనివాళ్లు వస్తే కడప జిల్లా ఒంటిమిట్టకి తీసుకెళ్లండి. అక్కడ కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో జరుగుతుంది. కడప దాకా వెళ్తే ఉగాది నాడు దేవుని కడప గుడిలో ముస్లింలు బారులు తీరడం చూపించండి. బీబీ నాంచారమ్మను పెళ్లాడిన వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం.

మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర. కొండమీదికి వెళ్లొచ్చేవాళ్లలో చాలామందికి కిందే ఇంత పెద్ద జాతర ఉందని తెలియదు. గంగమ్మ ఏడుకొండలవాడి చెల్లెలు అంటారు, అన్న ఇంటి నుంచి సారె వస్తుంది. ఈ జాతరలో మాత్రం నేను చెప్పిన ముందురోజు సరిపోదు, వారం ఉండాలి. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. చాటింపు అయ్యాక ఊళ్లోవాళ్లు జాతర ముగిసేదాకా ఊరు దాటి రాత్రి బయట ఉండకూడదని నియమం. మర్నాటి నుంచి రోజుకో వేషం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో రూపంలో తిరిగిందన్నది కథ. దొర వేషం నాడు వాడు దొరుకుతాడు, తల తెగుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వాడి భార్యను ఓదారుస్తుంది. చంపినవాడి ఇంటికి వెళ్లి ఓదార్చే దేవత. ఒక్క రోజు చూసి వెళ్లిపోయినవాళ్లకు ఈ ఓదార్పు దొరకదు. అందరూ చూసేది చివరి మంగళవారం, ఆడవేషాలు కట్టిన మగవాళ్లని. వాళ్లతో సెల్ఫీలు దిగి నవ్వుకుంటూ పోతారు. కట్టుకున్నవాళ్లకి అది మొక్కు. బిడ్డ బతికితే వేషం కడతానని మొక్కుకున్న తండ్రి అయ్యుండొచ్చు. బండ వేషం, తోటి వేషం నాడు ఎదురొచ్చినవాళ్లని బూతులు తిడతారు. అది కూడా ఆచారంలో భాగమే, తిట్లు తింటే మంచిదని నమ్మకం. ఈ సంగతి మీ అతిథులకు ముందే చెప్పకపోతే గొడవలవుతాయి. చివర్లో బుధవారం తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని చెంప నరుకుతారు. ఆ మట్టికోసం జనం ఎగబడతారు. అక్కడికి పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకెళ్లొద్దు.

బోనాల గురించి మీలో హైదరాబాద్ పిల్లలకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. గోల్కొండ, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆఖర్న లాల్ దర్వాజ. ఒకటే గుర్తుపెట్టుకోండి, సికింద్రాబాద్‌లో ఆదివారం బోనం చూసి సోమవారం రంగం చూడకుండా పంపించకండి. పచ్చికుండ మీద నిలబడి ఆ ఏటి వానల గురించి, రోగాల గురించి అమ్మవారి మాట చెప్పే ఆ ఘట్టం కోసమే ఊరంతా ఆగుతుంది. పోతరాజు గావు పట్టడం, అంటే బలిని పళ్లతో కొరకడం, బలులు ఉంటాయని ముందే చెప్పండి. చూడలేనివాళ్లు పక్కకి వెళ్లే వీలుండాలి.

మొహర్రం విషయంలో గైడ్లకి చాలా ఓర్పు కావాలి. హైదరాబాద్‌లో ఏనుగు మీద బీబీకా ఆలం ఊరేగింపు చూడడానికి టూరిస్టులు వస్తారు. అది సంతాపం. కర్బలాలో చనిపోయినవాళ్ల కోసం ఏడ్చే రోజు. 'హ్యాపీ మొహర్రం' అనకూడదని మీ అతిథులకి ముందే చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగ తీరు వేరు. పీరు ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఎంతోమంది ఉంటారు, గుండం చుట్టూ ఆట ఉంటుంది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ ఇంకో తీరు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. నిరుడు కోరిక తీరినవాళ్లు ఈ ఏడు రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడతారు, అదే కోరిక ఉన్నవాళ్లు వాళ్లని వెతుక్కుంటూ వచ్చి తీసుకుంటారు. మతం అడిగేవాళ్లు లేరు. ఇంత సరళమైన, ఇంత అందమైన పండగ నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఇక్కడ ప్రేక్షకుడు అన్న మాటే లేదు, మీ అతిథి కూడా నీళ్లలోకి దిగి ఒక రొట్టె తీసుకోవచ్చు. తీసుకుంటే మాత్రం, కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇవ్వాలని గట్టిగా చెప్పండి.

బతుకమ్మకి తీసుకొచ్చేవాళ్లు ట్యాంక్‌బండ్ మీద ఆఖరిదైన సద్దుల రోజు లైట్లు చూపిస్తారు. నేనైతే పొద్దున్నే పొలం గట్లకి తీసుకెళ్లమంటాను. తంగేడు, గునుగు కోసుకొచ్చేది ఎక్కువగా మగపిల్లలు. గునుగు కట్టలకు రంగులద్దేది అక్కలు. తాంబాలంలో ఆకులు పరిచి, వరస వెంట వరస పేర్చేటప్పుడు నాన్నమ్మ పక్కనే కూర్చుని దిద్దుతుంది. ఆ రెండు మూడు గంటలు మీ అతిథులు ఆ ఇంట్లో ఉంటే చాలు, సాయంత్రం ఆటలో చప్పట్లు ఎలా కొట్టాలో వాళ్లే నేర్పేస్తారు. తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఆడరు. ప్రయాణం ఆ రోజుకి పెట్టుకుని నిరాశపడినవాళ్లని చాలామందిని చూశాను. వేములవాడలో సద్దులు ఏడో రోజే వస్తాయి, అదీ కనుక్కోవాలి.

దసరా అయ్యాక విజయనగరం. పైడితల్లి అమ్మవారి సిరిమాను. సుమారు అరవై అడుగుల చింతమాను చివర పూజారి కూర్చుని ఉండగా, అది గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. కోట బురుజు మీద విజయనగరం రాజవంశం పూసపాటివారు కూర్చుని చూస్తారు. 1757 బొబ్బిలి యుద్ధంతో ముడిపడిన కథ. మంగళవారం ఆ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర ఉంచిన ధాన్యం గింజలు రైతులకి పంచుతారు, వాళ్లు వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటారు. సిరిమాను ఏ ఊళ్లో, ఎవరి దొడ్లో దొరుకుతుందో అమ్మవారే పూజారి కలలో చెబుతుందట. ఆ చెట్టు కొట్టే ముందు ఆ ఊరంతా పూజ చేసి, తమ ఇంటి పిల్లని పంపినట్టు సాగనంపుతుంది. వీలైతే ఆ ఊరు వెళ్లండి.

ప్రభుత్వాలు పర్యాటకుల కోసమే పెట్టినవి వేరే ఉన్నాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్, లేపాక్షి ఉత్సవాలు, విశాఖ ఉత్సవ్, హైదరాబాద్‌లో గాలిపటాల పండగ. అవి తక్కువని నేననను. తేదీ ముందే తెలుస్తుంది, బాత్రూములు ఉంటాయి, వీల్‌చెయిర్ వెళ్తుంది. కాకపోతే నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు శీతాకాలమంతా ఉంటాయి. ఫెస్టివల్ మూడు రోజుల లౌడ్‌స్పీకర్లు అయ్యాక ఒక మామూలు రోజు పొద్దున్నే వెళితే పక్షులే కనపడతాయి. హైదరాబాద్ నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, మాత్రం ప్రత్యేకం. 1938లో మొదలై ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి నాంపల్లిలో ఆరేడు వారాలు నడుస్తుంది. తేదీ మారని పండగ కావాలన్నవాళ్లకి అది చెప్పండి, ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవం చెప్పండి, మెదక్ చర్చిలో క్రిస్మస్ చెప్పండి.

చూపించొద్దని నేను అడిగేది ఒకటుంది. కర్నూలు జిల్లా దేవరగట్టు బన్ని. దసరా రాత్రి కొండమీద మాళమల్లేశ్వరుడి ఉత్సవం, కర్రల సమరం. ఏటా తలలు పగులుతున్నాయి. ఆ ఊళ్లవాళ్ల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కానీ చీకట్లో, దివిటీల వెలుగులో, బయటివాళ్లు వీడియో కోసం నిలబడితే దెబ్బ ఎవరికి తగులుతుందో ఎవరికీ తెలియదు. పైగా మన కెమెరాల ముందు ఇంకాస్త జోరుగా కొట్టుకునే కుర్రాళ్లున్నారు. ఆ రక్తానికి మనం కారణం కావొద్దు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: ముందురోజు తీసుకెళ్తే టూరిస్టులు ఒప్పుకోవట్లేదు సార్. ఇన్‌స్టాలో చూసిన ఆ దృశ్యమే కావాలంటారు.

కావాలంటారు, నిజమే. ఆ దృశ్యం చూపించనని చెప్పకండి. రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేయండి. మొదటి రోజు ఇంటి దగ్గర, రెండో రోజు ఊరేగింపు దగ్గర. ఊరేగింపులో కూడా మధ్యలో తోసుకోకుండా, ముందురోజు పరిచయమైన ఇంటి అరుగు మీద నిలబడి చూడొచ్చు. ఆ అరుగు డబ్బులిస్తే దొరకదు, ముందురోజు వెళ్లినవాళ్లకే దొరుకుతుంది.

ప్రశ్న: ఇళ్లకి తీసుకెళ్తే వాళ్లకి డబ్బులివ్వాలా?

మంచి ప్రశ్న అమ్మా. భోజనం పెట్టినా, గది ఇచ్చినా తప్పకుండా ఇవ్వాలి, ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. పూజ చూసినందుకు డబ్బు చేతిలో పెట్టొద్దు. ప్రభకో, బతుకమ్మకో ఊరంతా చందాలు వేసుకుంటారు కదా, ఆ చందా పుస్తకంలో మీ అతిథి పేరు రాయించండి. పేరు రాసుకున్నాక అతను కూడా ఊరివాడే. పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు పంచడం మాన్పించండి. పండగ రోజు ఆ ఇంటి పిల్లలు చేయి చాచి నిలబడడం తల్లిదండ్రులకి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి.

ప్రశ్న: 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఇప్పటినుంచే ఫోన్లు వస్తున్నాయి. ఏం చెప్పాలి?

మొదటి రోజు వద్దని చెప్పండి. 2015 జులై 14న రాజమహేంద్రవరంలో పుష్కరాలు మొదలైన ఉదయమే, ఒక్క ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవై ఏడు మంది చనిపోయారు. పుణ్యం మొదటి గంటలోనే ఉందని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పుష్కరాలు పన్నెండు రోజులు. నది బాసర నుంచి అంతర్వేది దాకా ఉంది. ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, కొవ్వూరు, ఎక్కడ మునిగినా అదే గోదావరి. ఏడాది చివర మళ్లీ పన్నెండు రోజులు అంత్య పుష్కరాలు వస్తాయి, జనం చాలా తక్కువగా ఉంటారు. పెద్దవాళ్లతో వచ్చే కుటుంబాలకి నేనైతే అవే చెబుతాను. ఈలోగా మీరు ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గర్లో ఉన్న ఘాట్లకి మామూలు రోజుల్లో వెళ్లి మెట్లు ఎంత వెడల్పున్నాయి, ఎన్ని దారుల్లో బయటికి రావొచ్చు, ఆటో ఎక్కడిదాకా వస్తుంది, నీడ ఎక్కడుంది, దగ్గర్లో ఆస్పత్రి ఏది అన్నది కాగితం మీద గీసుకోండి. వచ్చే తరగతికి ఆ కాగితాలు పట్టుకురండి, కలిసి కూర్చుని చూద్దాం.